రాజమండ్రి ఇంకు పెన్ను: 11 ఏళ్లు రాసిన తరువాత

అచ్చుకు వెళ్లబోయే పుటలను చదివి తప్పులు దిద్దడం నా వృత్తి. కంప్యూటరు తెరమీదే దిద్దే పద్ధతి వచ్చి చాలాకాలమైనా, ఆఖరి ప్రూఫును కాగితం మీద చూస్తే తప్ప కంటికి చిక్కని తప్పులు కొన్ని మిగిలే ఉంటాయి. ఆ దిద్దుబాట్లకు ఇంటి పద్దు, ఉత్తరాలు, నా సొంత రాతలు కలుపుకొంటే రోజుకు రెండు పేజీలకు తగ్గకుండా చేతితో రాస్తూనే ఉన్నాను. ఆ రాతంతటికీ 11 ఏళ్లుగా వాడుతున్నది రాజమండ్రిలో కొన్న నల్లని ఎబొనైటు ఇంకు పెన్ను ఒక్కటే. వస్తువు ఇంటికి వచ్చిన వారానికే సమీక్ష రాయడం ఇప్పుడు అలవాటుగా మారింది గాని, వారం రోజులలో తెలిసేది దాని రంగు, దానితో వచ్చిన డబ్బా మాత్రమే. అందుకే ఈ పెన్ను గురించి ఇన్నాళ్లూ ఏమీ రాయలేదు; ఇప్పుడు రాయడానికి తగినంత తెలిసిందనే అనుకుంటున్నాను.

కొన్న దుకాణం పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఆ ఊళ్లో ఈ పని చేసే చోట్లు ఒకటికి మించి ఉన్నాయి, పని పద్ధతి ఇంచుమించు ఒకటే, నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఆ రకం పెన్నుకు చెందినవే తప్ప ఏ ఒక్క దుకాణానికీ చెందినవి కావు.

చూడడానికి ఇందులో విశేషం ఏమీ లేదు. మూతతో కలిపి 14 సెంటీమీటర్ల పొడవు, చూపుడువేలంత లావు, జేబుకు తగిలించుకోవడానికి ఒక స్టీలు క్లిప్పు. బంగారు పట్టీలు లేవు, ఒంటిమీద పేరు చెక్కి లేదు. విప్పితే మూడు ముక్కలు: మూత, వేళ్లతో పట్టుకునే ముందుభాగం, వెనక గొట్టం. ఆ ముందుభాగంలో పాళీ, దాని కింద పాళీకి ఇంకు అందించే నాలుక బిగించి ఉంటాయి. గొట్టంలో రబ్బరు తిత్తి గాని, తిప్పి ఇంకు పీల్చుకునే యంత్రం గాని, మార్చుకునే ఇంకు గుళిక గాని ఉండవు; గొట్టమే ఇంకు బుడ్డి. ఫిల్లరుతో నేరుగా అందులో ఇంకు పోసి ముందుభాగాన్ని బిగించడమే. నాతోపాటు బడిలో చదువుకున్నవారందరికీ ఈ పని తెలుసు. బల్లమీద కూర్చుని పక్కవాడి పెన్నులోంచి రెండు చుక్కలు అప్పు తీసుకున్న చేతులే అవి. ఈ తరం పిల్లలకు మాత్రం ఒకసారి చూపించవలసి వస్తుంది.

కొన్ననాటి సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పెన్ను మంచితనంలో సగం ఆ అరగంటలోనే వచ్చింది. బంధువుల పెళ్లికి వెళ్లి, భోజనాలయ్యాక రైలుకు ఇంకా వ్యవధి ఉండడంతో బజారు వైపు నడిచి ఒక చిన్న దుకాణంలోకి వెళ్లాను. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నాలుగు పెన్నులు తీసి ముందు పెట్టారు. ధర చెప్పలేదు, ముందు ఒక కాగితం ఇచ్చి రాయమన్నారు. అందరిలాగానే నేనూ సంతకం చేశాను. "సంతకం ఏ పాళీతోనైనా బాగానే వస్తుందండీ, రోజూ మీరు రాసేది ఏదో అది రాయండి" అన్నారాయన. రెండు పంక్తుల మధ్య ఇరుకులో రాయడం నా అలవాటు కనుక అలాగే నాలుగు మాటలు రాశాను. ఆయన అక్షరాలకేసి చూడలేదు, నా చేతికేసి చూశారు. పెన్నును ఎంత వాల్చి పట్టుకుంటున్నానో, పాళీ ఏ పక్కకు ఒరుగుతున్నదో గమనించి, పాళీని ఊడదీసి, భూతద్దంలో చూసి, మొనను ఒక సన్నని గరుకు కాగితం మీద సున్నాలు చుడుతున్నట్టు నాలుగైదు సార్లు తిప్పి, మళ్లీ బిగించి ఇచ్చారు. రాశాను; ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ తీసుకున్నారు. మూడోసారి ఇచ్చినప్పుడు ఆ పెన్ను నా చేతిలో అంతకుముందే కొన్నేళ్లు ఉన్నట్టుగా రాసింది. రైలు సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. అదీ ఆలస్యంగానే వస్తున్నది కనుక సరిపోయింది.

ఇంతకీ ఈ ఎబొనైటు ఏమిటన్నది చెప్పకపోతే తక్కిన సంగతులు అర్థం కావు. సహజ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. గంధకం కొద్దిగా కలిపితే బండి చక్రాలకు పనికివచ్చే సాగే రబ్బరు వస్తుంది; రబ్బరు బరువులో దాదాపు మూడోవంతుకు చేరేలా కలిపి చాలాసేపు కాలిస్తే సాగడం పూర్తిగా పోయి, నల్లని చేవకర్రలాంటి పదార్థం తయారవుతుంది. ఎబొనీ అనే నల్లకర్ర పేరుమీదుగానే దీనికి ఎబొనైటు అన్న పేరు వచ్చింది. గుడ్‌ఇయర్ తమ్ముడు నెల్సన్ దీనికి 1851లో పేటెంటు తీసుకున్నాడు. ఇంకు పెన్నులు పుట్టిన తొలినాళ్లలో ప్రపంచమంతటా వాటి ఒళ్లు దీనితోనే చేసేవారు. 1920ల నుంచి రంగురంగుల సెల్యులాయిడు, ఆ తరువాత ప్లాస్టిక్కులు వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి. అచ్చుపోసే ప్లాస్టిక్కుతో వేల పెన్నులు ఒకేసారి చేయవచ్చు. ఎబొనైటును మాత్రం కడ్డీగా తెచ్చి, లేత్ మీద బిగించి, ఒక్కొక్క పెన్నుకూ విడిగా చెక్కి, లోపల తొలిచి, మరలు కోసి, మెరుగుపెట్టాలి. పెద్ద కర్మాగారాలు వదిలేసిన ఆ పని చిన్న దుకాణాలలో చేతిమీదుగా నిలిచిన చోట్లలో రాజమండ్రి ఒకటి.

అక్కడ ఈ పని నిలబడడానికి కారణం స్వదేశీ ఉద్యమం. కె.వి. రత్నం 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టిన నాటికి మంచి పెన్ను అంటే విదేశాల నుంచి వచ్చినదే. ఆయన చేసిన పెన్ను గాంధీజీ అనుచరుడు జె.సి. కుమారప్ప ద్వారా వార్ధాలో ఉన్న గాంధీజీకి చేరింది. 1935 జులైలో గాంధీజీ ఆయనకు జాబు రాస్తూ, పెన్నును వాడి చూశాననీ, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులుగానే ఉన్నట్టు తోస్తున్నదనీ అన్నారు. ఆ జాబు సంగతి పెన్నుల మీద ఇష్టమున్న తెలుగువారికి చాలామందికి తెలిసిందే. నా ఆసక్తి దాని మాటతీరు మీద. స్వదేశీ వస్తువు కనుక అద్భుతమని అనలేదు. వాడిన తరువాత, ఆ పనికి సరిపోతున్నట్టుంది అన్నారు. సమీక్షకుడిగా నేను దానికన్నా ఎక్కువ అనదలచుకోలేదు గాని, నా దగ్గర పుటలు ఎక్కువ, ఆయనకున్నంత పొదుపు లేదు. తరువాతి కాలంలో గైడర్ వంటి పేర్లు కూడా ఆ ఊరినుంచే వినవచ్చాయి. మా నాన్నగారి తరంలో రాజమండ్రి పెన్ను అంటే ఇంకే వివరణా అక్కరలేదు.

ఇక రాతలోకి వస్తాను. పెన్నుల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సమీక్షలు చాలావరకు రోమను లిపి రాసేవారు రాసినవే కనుక, అవి చదివి పాళీ ఎంచుకుంటే తెలుగు రాసేవారు మోసపోతారు. రోమను లిపిలో నిలువు గీతలు, వాలు గీతలు ఎక్కువ. మన లిపిలో దాదాపు ప్రతి అక్షరంలోనూ ఒక సున్నానో, అరసున్నానో, ఒక మెలికో ఉంటుంది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని గీత ఆకును ఈనె వెంట చీల్చేస్తుంది కనుక దక్షిణాది లిపులు గుండ్రబడ్డాయని చెబుతారు. కారణం ఏదైనా ఫలితం చేతికి తెలుస్తూనే ఉంటుంది. పాళీని మనవైపు లాగుతూ గీసే గీత ఎప్పుడూ హాయిగానే వస్తుంది. పైకి, ఎడమకు నెడుతూ గీసేటప్పుడే పాళీ మొన కాగితంలోకి దిగబడుతుంది. సున్నా చుట్టడమంటే సగం లాగడం, సగం నెట్టడం. 'ణ', 'ఝ', 'ఘ' వంటి అక్షరాలలో ఒక్కొక్కదానికి ఇలాంటి మలుపులు మూడు నాలుగు ఉంటాయి. ఇది చాలదన్నట్టు తలకట్టు ఒకటి; కుడివైపుకు పైకి విసిరే ఆ చిన్న గీత పూర్తిగా నెట్టుడు గీతే. పదునైన పాళీతో రాస్తే సరిగ్గా అక్కడే ఇంకు తెగి, తలకట్లు సగం పడతాయి, సగం పడవు.

అలాగని మొన మొద్దుగా, నున్నగా ఉంటే చాలునా అంటే, ఒత్తులు ఒప్పుకోవు. 'రాష్ట్రం' అని రాయండి: 'ష' కింద ట ఒత్తు, దానికి చుట్టుకొని ర ఒత్తు, అదంతా రెండు పంక్తుల నడుమ ఉన్న ఇరుకులో. లావు గీత రాసే పాళీతో ఆ మూడూ కలిసి ఒక నల్లని ముద్ద అవుతుంది. 'ద', 'థ', 'ధ'ల మధ్య ఉన్న భేదమంతా నడుమ ఒక చుక్క, కింద ఒక చిన్న గీత. ఇంకు కొంచెం ఎక్కువగా దిగితే 'థ'లోని చుక్క కడుపు నిండిపోయి ఏ అక్షరమో తెలియదు. కంపోజు చేసేవారు దాన్ని 'ద' అనుకుంటే నేను దిద్దిన తప్పు మరో తప్పుగా తిరిగివస్తుంది. అంటే తెలుగుకు కావలసిన పాళీ ఒత్తులకు సరిపడేంత సన్నగానూ, సున్నాలకు సరిపడేంత నున్నగానూ ఉండాలి. సన్నబడినకొద్దీ గుచ్చుకోవడం, నున్నబడినకొద్దీ లావెక్కడం పాళీ స్వభావం కనుక ఈ రెండింటినీ కలపడం సులువు కాదు. జపాను పాళీలు వారి చిక్కని లిపికి తగ్గట్టు బాగా సన్నగా ఉంటాయి, యూరపు పాళీలు అదే పేరుతో కొంచెం లావుగా రాస్తాయి. నా చేతికి కావలసింది ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంది. దుకాణంలో ఆ పెద్దాయన మూడుసార్లు గరుకు కాగితం మీద వెతికింది ఆ చోటునే అని నాకు చాలాకాలం తరువాత గాని అర్థం కాలేదు. తెలుగు రాసేవారి చేతులను ఏళ్ల తరబడి చూసిన మనిషి కనుక ఆయనకు అది మాటల్లో చెప్పనక్కరలేకుండా తెలుసు.

పాళీ మామూలు స్టీలుదే. మొనమీద ఇరిడియం అని వాడుకలో పిలిచే గట్టి లోహపు చుక్క ఉంటుంది, కాగితానికి రాసుకుని అరిగేది అదే. బంగారు పాళీ కూడా వేసి ఇస్తామన్నారు. పాతకాలపు ఇంకుల్లోని ఆమ్లానికి మామూలు ఉక్కు తినివేయబడేది కనుక బంగారం అప్పుడు అవసరం. తుప్పుపట్టని ఉక్కు, ఇప్పటి మెత్తని ఇంకులు వచ్చాక అది అలంకారమే తప్ప అవసరం కాదని నా అభిప్రాయం. నా పాళీకి ఇన్నేళ్లలో తుప్పు మచ్చ రాలేదు. చుక్క ఒక పక్కకు కొంచెం అరిగింది, అదీ నా చేతి వాలు ప్రకారమే. అందుచేత ఈ పెన్ను ఇంకెవరైనా తీసుకుని రాస్తే గీరినట్టు అనిపిస్తుందట. బ్యాంకులో పెన్ను అడిగి పుచ్చుకుని మరిచిపోయే వారినుంచి ఇది నాకు దక్కడానికి అదీ ఒక కారణం కావచ్చు.

పాళీకన్నా కూడా నేను ఎక్కువ మెచ్చుకునేది దాని కింద కనబడీ కనబడకుండా ఉండే నాలుకను. ఇంకు ఒక్కసారిగా కారిపోకుండా, రాసినంత మేరకే దిగుతూ, దిగిన ఇంకుకు బదులు అంత గాలి వెనక్కి పోతూ ఉండే ఏర్పాటుతో నాలుకకు 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు; సన్నని సందుల్లోంచి ద్రవం దానంతట అది పాకే గుణమే దానికి ఆధారం, స్ప్రింగులు గాని కదిలే భాగాలు గాని ఏమీ లేవు. నా పెన్నులో ఈ నాలుక కూడా ఎబొనైటుదే. ప్లాస్టిక్కు నాలుక మీద ఇంకు మొదట్లో తామరాకు మీది నీటిబొట్టులా నిలబడకుండా ఉండాలంటే దానికి ప్రత్యేకంగా శుద్ధి చేయాలి. ఎబొనైటుకు ఇంకు ఇట్టే అంటుకుంటుంది. పైగా వేడినీళ్లలో ఉంచితే కొంచెం మెత్తబడుతుంది కనుక పాళీ వంపుకు సరిగ్గా అతుక్కునేలా నొక్కి సరిచేయవచ్చు. నాలుగు రోజులు మూతపెట్టి వదిలేసి, మళ్లీ తీసి మొదటి అక్షరం రాస్తే పడుతుంది. వేసవిలో, ఫ్యాను కింద, మూత తీసి పెట్టి ఫోను మాట్లాడి వచ్చి రాస్తే మొదటి రెండు గీతలు పడవు. దానికి పెన్నును తప్పుపట్టలేను.

తప్పుపట్టవలసినవి వేరే ఉన్నాయి, అవి ఇంకు నేరుగా పోసుకునే పెన్నులన్నిటికీ పుట్టుకతో వచ్చినవి. గొట్టంలో ఇంకు మూడోవంతుకు తగ్గిన తరువాత మిగతా చోటంతా గాలి. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు నెడుతుంది, పాళీ మీద ఒక బొట్టు ఊరి కాగితం మీద పడుతుంది. ఎబొనైటుకు వేడి త్వరగా పాకదు, గొట్టం గోడ మందంగా ఉంటుంది కనుక లోహపు పెన్నుకన్నా ఇది నయం; కాని మే నెల విజయవాడలో నయమనే మాటకు పెద్ద అర్థం ఉండదు. ఒకసారి ఒక శతక వ్యాఖ్యానం ఆఖరి ప్రూఫు మీద ఆవగింజంత బొట్టు పడి 'చ' కాస్తా 'ఛ' అయింది, అచ్చులో కూడా అలాగే వచ్చింది. తప్పు నాదే: సగానికి దిగగానే నింపుకోవాలన్న నియమం తెలిసి కూడా బద్ధకించాను. బిగింపు మరల దగ్గర కొంచెం సిలికాను గ్రీజు రాస్తే అక్కడినుంచి ఊరడం ఉండదు. గ్రీజు పేరు వినగానే వెనకాడేవారు ఈ రకం పెన్ను జోలికి పోకపోవడం మంచిది.

మూత మరతో ఉంటుంది, తెరవడానికి మూడు చుట్లు తిప్పాలి. నిలబడి ఒకచేత్తో సంచి పట్టుకుని కొరియరు రసీదు మీద సంతకం చేయవలసినప్పుడు ఈ మూడు చుట్లు చిరాకు పుట్టిస్తాయి. కార్బను కాగితం పెట్టి నకళ్లు తీయవలసిన ఫారాలకు ఇది బొత్తిగా పనికిరాదు. గట్టిగా అదిమితే పాళీ చీలుతుంది తప్ప కింది కాగితం మీద ఏమీ పడదు. నీళ్లకు కరిగే రాయల్ బ్లూ ఇంకు పోసుకునేవారు చెక్కుల మీద, దస్తావేజుల మీద దీనితో రాయకూడదు. ఇలాంటి పనులకోసం నా సంచిలో ఒక మామూలు బాల్ పెన్ను ఉంటుంది. ఒకే పెన్ను అని మొదట అన్నందుకు ఈ మాట చెప్పడం న్యాయం. ఇక కాగితం సంగతి: నాసిరకం నోటుపుస్తకంలో ఈ పెన్ను గీత కాళ్లు చాస్తుంది, వెనకపుటకు దిగుతుంది. నేను ఇంటి పద్దు పుస్తకాన్ని కొంచెం మంచి కాగితంది కొనవలసి వచ్చింది. ఈ పెన్ను నాచేత పెట్టించిన అదనపు ఖర్చు అదొక్కటే.

తక్కిన ఖర్చులు చెప్పుకోదగ్గవి కావు. కొన్నప్పుడు అయింది ఆ రోజుల్లో ఒక మంచి చెప్పుల జత ఖరీదు. గొట్టంలో దాదాపు 3 మిల్లీలీటర్ల ఇంకు పడుతుంది, నా రాతకు అది రెండు వారాలు వస్తుంది. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల బుడ్డి ఒకటి తొమ్మిది నెలలకు పైగా వస్తుంది. ఇన్నేళ్లలో కొన్న బుడ్డీలు 14. రెండు నెలలకొకసారి ముందుభాగాన్ని చన్నీళ్లలో నానబెట్టి కడుగుతాను. ఒకసారి ఒక బంధువు సలహా విని వేడివేడి నీళ్లతో కడిగితే నల్లటి మెరుపు పోయి గోధుమరంగు తిరిగింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కిటికీ ఎండ పడిన పక్క కూడా కొంచెం ఆకుపచ్చ కలిసిన మట్టిరంగుకు తిరిగింది. ఎబొనైటు గుణమే అంత, గుడ్డతో గట్టిగా రుద్దితే ఇప్పటికీ సన్నగా గంధకం వాసన వస్తుంది. మెరుగు పెట్టిస్తే మళ్లీ కొత్తదానిలా అవుతుందన్నారు. పెట్టించలేదు.

అయిదో ఏట అది బల్లమీదనుంచి పాళీ కిందుగా నాపరాతి గచ్చు మీద పడింది. పాళీ కొనలు రెండూ చెరొక దిక్కుకూ తిరిగాయి. అంతకుముందు నా చేతిలో పడిపోయిన పెన్నులన్నీ చెత్తబుట్టకే వెళ్లాయి కనుక దీని పని కూడా అయిపోయిందనుకున్నాను. మరోసారి రాజమండ్రి వెళ్లినప్పుడు అదే దుకాణంలో ఇచ్చాను. ఈసారి బల్ల వెనక ఆయన లేరు, ఆయన కొడుకు ఉన్నారు. పాళీని వేళ్లతో లాగి తీసి పక్కన పడేసి, కొత్తది పెట్టి, నాలుకను వేడినీళ్లలో ముంచి సర్ది, "రాయండి మాస్టారూ" అన్నారు. సంతకం చేయకుండా నాలుగు పంక్తులు రాశాను. ఆయన కూడా చేతికేసే చూశారు. గరుకు కాగితం రెండుసార్లతో సరిపోయింది. పాళీ ధర మాత్రమే తీసుకున్నారు. అద్దాల పెట్టెలో గోధుమ, నలుపు చారలు కలిసిన కొత్త పెన్ను ఒకటి ఉంది, చెక్కలో చేవ తేలినట్టుగా అందంగా ఉంది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. అది చేసే పనీ నా జేబులో ఉన్నది చేసే పనీ ఒకటే అన్న సంగతి అప్పుడే బాగుచేసి ఇచ్చిన పెన్నును జేబులో పెట్టుకుంటూ ఉంటే మరీ స్పష్టంగా కనబడింది. చారల పెన్నును తిరిగి ఇచ్చేశాను.

నేను ఇలా ఎప్పుడూ లేను. ఈ పెన్ను కొనేనాటికి నా సొరుగులో 23 పెన్నులు ఉండేవి: సభల్లో సంచితో పాటు ఇచ్చినవి, సన్మానాల్లో శాలువాతో పాటు ఇచ్చినవి, బాగున్నాయని కొన్నవి, బాగుంటాయేమోనని కొన్నవి. ఒక ఆదివారం అన్నిటితోనూ రాసి చూస్తే రాసేవి ఏడు తేలాయి, హాయిగా రాసేది ఒక్కటీ తేలలేదు. ఆలోచిస్తే, వాటిలో ఏ ఒక్కదాన్నీ విప్పడానికి వీల్లేదు. చెడితే పారేయడం, మరొకటి కొనడం తప్ప దానితో మనం చేయగలిగింది ఏమీ లేదు. రాజమండ్రి పెన్నులో నాకు తెలియని భాగం లేదు, మార్చడానికి వీల్లేని భాగం కూడా లేదు. కొత్తది కొనడానికి సాధారణంగా మనకు దొరికే సాకు పాతది చెడిపోవడం. ఇది ఆ సాకును దొరకనివ్వదు. ప్రూఫులు ఎరుపుతో దిద్దాలన్న ఆనవాయితీ ప్రకారం రెండో పెన్ను కొనాలని కొంతకాలం అనుకున్నాను గాని, నల్లని అచ్చు మీద నీలం కూడా స్పష్టంగానే కనబడుతుందని తేలింది. సంపాదకులు మొదట సణిగారు, ఇప్పుడు ఏమీ అనడం లేదు.

పెన్నులంటే ఇష్టమంటారు, ఒక్కటే ఉందంటారు అని స్నేహితులు వింతగా చూస్తారు. విందులో విస్తరి మీద చేయి అడ్డంపెట్టి చాలన్నవారికి వంట నచ్చలేదని ఎవరైనా అనుకుంటారా? ఆ స్నేహితులలోనే ఒకరు తమ విదేశీ పెన్నును నెల రోజులు నాకు ఇచ్చారు, ధర నా పెన్నుకు అనేక రెట్లు. నిజం చెప్పాలంటే నునుపులో అది మెరుగు. పాళీ కాగితాన్ని తాకుతున్నట్టే తెలియదు. మూత ఒకటిన్నర చుట్టుకే వస్తుంది, బొట్లు పడవు. నెల తరువాత ఆ నెలలో దిద్దిన ప్రూఫులనూ అంతకుముందు నెలవాటినీ పక్కపక్కన పెట్టి చూశాను. దస్తూరిలో భేదం నాకు కనబడలేదు, ఒత్తులు కొంచెం లావుగా వచ్చినట్టు మాత్రం ఉంది. దాన్ని ఎక్కడైనా మరిచిపోతానేమోనన్న భయంతో ఆ నెలంతా బయటికి తీసుకెళ్లలేదన్నది కూడా ఇక్కడ నమోదు చేయాలి.

రోజుకు అర పేజీ కూడా రాయనివారికి ఈ పెన్నును నేను సిఫారసు చేయను. వాడకపోతే ఇంకు ఎండి నాలుక సందులు పూడుకుపోతాయి, కడగడమే పని అవుతుంది. పరీక్షలు రాసే పిల్లలకు ఇవ్వవచ్చు, కాని హాలుకు వెళ్లేముందు నిండా పోసుకుని వెళ్లాలి. ఎక్కువగా రాసేవారికి, అందులోనూ తెలుగు రాసేవారికి, నిస్సంకోచంగా కొనమని చెబుతాను. తపాలాలో కూడా తెప్పించుకోవచ్చు గాని, తెప్పించుకోవద్దు. పాళీని మీ చేతికి కుదర్చకపోతే ఇది మామూలు పెన్నే. స్వయంగా వెళ్లండి, గంటసేపు వ్యవధి ఉంచుకోండి. వెళ్లేటప్పుడు మీరు రోజూ రాసే నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి వెంట తీసుకువెళ్లండి. దుకాణంలో ఇచ్చే కాగితం మరీ నున్నగా ఉంటుంది, దానిమీద ప్రతి పాళీ బాగానే రాస్తుంది.